డ్రిల్లు బల్ల మీద టీ గ్లాసు

సువార్తకి వాదనలో ఓడిపోవడం అలవాటు లేదు. పాలిటెక్నిక్‌లో మూడేళ్లూ డిబేట్ కప్పు ఆమెదే. ముత్యాలాచారి మేస్త్రీ గారి దగ్గర పనిలో చేరి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఆమెకి మింగుడుపడని సంగతి ఒక్కటే. ఈయనతో ఎప్పుడు వాదించినా తనే గెలుస్తోంది. కానీ గెలిచినట్టు అనిపించడం లేదు.

మేస్త్రీ గారి షెడ్డు తాళ్లరేవు దాటాక, ఏటి ఒడ్డున ఉంటుంది. చేపల బోట్లని నీళ్లలోంచి లాగి బాగుచేసే చోటు అది. బోటు ఒళ్లు చెక్కది, దాని పంకా తిప్పే షాఫ్టు ఉక్కుది. అందుకని ఆ షెడ్డులో పొద్దున చెక్కకి బెజ్జాలు వేసిన చేతులే మధ్యాహ్నం ఇనుముకీ వేస్తాయి.

బెజ్జాలు వేసే బిట్లన్నీ ఒక టేకు పెట్టెలో ఉండేవి. నల్లవి పాత కార్బన్ ఉక్కువి, చెక్కకి. తెల్లగా మెరిసేవి హైస్పీడు ఉక్కువి, మామూలు ఇనుముకి. తేనె రంగువి కోబాల్టు కలిపినవి, స్టెయిన్‌లెస్‌కి. పెట్టె మీద రాత ఏమీ లేదు. ఎవరికి ఏది కావాలో చెయ్యే వెతుక్కోవాలి.

"ఇన్ని రకాలెందుకండి?" అని సువార్త మొదటి వారంలోనే అడిగింది. "అన్నిటికన్నా గట్టిది ఒకటి కొంటే చెక్కా తెగుద్ది, ఇనుమూ తెగుద్ది కదా."

"ఏది గట్టిది?"

"కార్బైడండి. దాని తర్వాత కోబాల్టు. ఆ తర్వాత హైస్పీడు. ఈ నల్లవైతే మ్యూజియంలో పెట్టాలి."

ముత్యాలాచారి గారు ఒక నల్ల బిట్టు తీసి చేతి డ్రిల్లుకి బిగించి ఆమెకిచ్చారు. మద్ది దుంగ చూపించారు. సువార్త తిప్పింది. చెక్క పొడి కాలేదు, సన్నటి చుట్టలుగా లేచింది. బెజ్జం అంచు చాకుతో కోసినట్టు వచ్చింది.

"బానే ఉంది," అని ఒప్పుకుంది సువార్త. "మరి దీంతో ఇనుముకి వేస్తే?"

"వెయ్యి."

వేసింది. పొగ లేచింది. బిట్టు ముక్కు నీలం తిరిగిపోయింది.

"చూశారా. వేడెక్కేసరికి పదును చచ్చిపోయింది. నేను చెప్పేది ఇదేనండి. గట్టిది కొనమంటున్నాను."

ఆయన ఆ బిట్టు తీసుకుని సానరాయి దగ్గర కూర్చున్నారు. రుద్దడం, నీళ్లలో ముంచడం, మళ్లీ రుద్దడం. నీలం అంతా పోయేదాకా అరగంట పట్టింది. పదును పెట్టి, తీసుకెళ్లి మళ్లీ నల్లవాటి వరసలోనే పెట్టారు.

"మీరు సమాధానం చెప్పలేదు," అంది సువార్త.

"చెప్పలేదు," అన్నారు ఆయన.

*

షెడ్డులో ఒక నిలువు డ్రిల్లు మిషను ఉంది. మేస్త్రీ గారి తండ్రి తెచ్చింది. దాని రంగు ఏదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

రోజూ పొద్దున్నే ముత్యాలాచారి గారు టీ గ్లాసు తెచ్చుకుని ఆ మిషను బల్ల మీద పెట్టేవారు. మిషను వేసేవారు. తిరుగుతూ ఉంటే పక్కన నిలబడి చూసేవారు. ఒక్కోరోజు ఆపి ఎక్కడో ఏదో నట్టు బిగించేవారు, ఒక్కోరోజు ఏమీ చేసేవారు కాదు. ఇదంతా అయ్యేసరికి టీ చల్లారిపోయేది. అప్పుడు తాగేవారు.

"వేడి టీ తాగితే నోరు కాలుద్దని భయం మా మేస్త్రీ గారికి," అనేవాడు సూరిబాబు. పదేళ్లుగా అక్కడ పనిచేస్తున్నాడు. పని సగం, కబుర్లు సగం.

మే నెలాఖర్లో సువార్త గోడకి ఒక రేకు బోర్డు తగిలించింది. తెల్ల రంగు వేసి దాని మీద నల్ల అక్షరాలతో భద్రతా సూత్రాలు రాసింది. కళ్లద్దాలు పెట్టుకోవాలి. చేతులకి గుడ్డలు చుట్టుకోకూడదు. జుట్టు, చున్నీ బిగించి కట్టుకోవాలి. నాలుగోది: మిషను మీద టీ గ్లాసులు పెట్టరాదు.

"నాలుగోది నా కోసమేనా అమ్మా?" అన్నారు ముత్యాలాచారి గారు.

"అందరికోసమండి. కానీ పెట్టేది మీరొక్కరే."

సూరిబాబు పని ఆపి వచ్చి నిలబడ్డాడు. వాదన మొదలవుతుందని వాడికి తెలుసు.

"మొదటిది, ఒలికితే బెల్టు తడుస్తుంది, జారుతుంది. రెండోది, గ్లాసు పగిలితే ముక్క ఎవరి కంట్లో పడుతుందో తెలీదు. మూడోది, ఆ బల్ల మీద నూనే ఇనప రజనూ ఉంటాయి, అవి మీ టీలో పడతాయి. పైగా మీ టీ చల్లారిపోతోంది. ఇందులో మీకొచ్చే లాభం ఏదైనా ఒకటి చెప్పండి. నాలుగోది ఇప్పుడే చెరిపేస్తాను."

ముత్యాలాచారి గారు బోర్డు చివరిదాకా చదివారు. గ్లాసు వంక చూశారు.

"నువ్వు చెప్పినవి మూడూ నిజమే," అని గ్లాసు తీసి పక్కనున్న స్టూలు మీద పెట్టారు.

"మేస్త్రీ గారి టీకి బదిలీ అయిపోయింది," అన్నాడు సూరిబాబు.

ఆ రోజు నుంచి పదిహేను రోజులు ఆయన వేడి టీ తాగారు.

*

జూన్ పదమూడో తారీకు పొద్దున నూకరత్నం షాఫ్టు తెచ్చింది. ట్రాలీ ఆటో మీద గోనెలు పరిచి, దాని మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి తెచ్చింది.

నూకరత్నానికి ఒక బోటు ఉంది. ఆమె సముద్రంలోకి వెళ్లదు గానీ, బోటులో ఏ మేకు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెబుతుంది. పాత షాఫ్టు అరిగిపోయింది. ఇది కొత్తది, స్టెయిన్‌లెస్, విశాఖపట్నం నుంచి తెప్పించింది. పంకా బిగించాక నట్టు ఊడిపోకుండా అడ్డంగా ఒక పిన్ను గుచ్చాలి. ఆ పిన్ను కోసం షాఫ్టు చివర ఇటు నుంచి అటు ఒక బెజ్జం కావాలి. అంతే పని.

"నిషేధం అయిపోయి ఎల్లుండి వేట తెరుస్తున్నారండి," అంది నూకరత్నం. "తెల్లారగట్ల అన్ని బోట్లూ దిగిపోతాయి. నాది దిగకపోతే నా ఎనమండుగురు కళాసీలు ఇంకో బోటెక్కేస్తారు. రెండు నెలలు ఖాళీగా కూచున్నారు, వాళ్లనీ ఏమీ అనలేం. ఒకసారెక్కితే సీజనయ్యేదాకా దిగరు. మనుషుల్లేని బోటు నేనేం చేసుకోనండి?"

"రేపు మధ్యాహ్నానికి పంకా ఎక్కిద్దాం," అన్నారు ముత్యాలాచారి గారు.

"ఈ బెజ్జం మాత్రం ఆ పిల్ల చేత వేయించండి. సూరిబాబొద్దు. మాటలెక్కువ."

"ఈవిడికి మాటలు తక్కువేంటి?" అన్నాడు సూరిబాబు.

"ఈవిడ మాట్లాడుతూ పని చేస్తది. నువ్వు మాట్లాడ్డానికి పనాపుతావు."

సువార్త నవ్వు ఆపుకుంది. పోయిన నెలలో ఇంజను పట్టీలకి ఆమె వేసిన బెజ్జాలు చూసి, ఎవరు వేశారని నూకరత్నం అడిగి తెలుసుకుంది. ఆడపిల్ల అని తెలిశాక, ఏమీ అనకుండా ఇంకోసారి చేత్తో తడిమి చూసి వెళ్లిపోయింది. అది మెచ్చుకోలని సువార్తకి తర్వాత తెలిసింది.

షాఫ్టుని బల్ల మీదకి ఎత్తారు. దొర్లకుండా అడుగున గాడి దిమ్మలు పెట్టారు. సువార్త కొలిచి గీత గీసింది, పంచి మొన ఆనించి సుత్తితో కొట్టి చుక్క పెట్టింది. మేస్త్రీ గారు కొలత సరిచూసి తలూపారు. బెల్టుని మెట్ల చక్రం మీద నెమ్మదిగా తిరిగే కింది మెట్టుకి మార్చారు. తేనె రంగు బిట్టు ఒకటి తీసి ఆమె ముందు పెట్టారు.

"దీంతో. నెమ్మదిగా తిరగాలి, గట్టిగా నొక్కాలి. తెగుతుంటే ఆపకు. ఊరికే రాపిడి పెట్టావంటే స్టెయిన్‌లెస్ ఇంకా గట్టిపడి బిగుసుకుపోద్ది. నూనె తగ్గనివ్వకు."

చెప్పి, నల్ల బిట్లు నాలుగు జేబులో వేసుకుని నూకరత్నం బోటు దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడ వెనకభాగంలో చెక్క దిమ్మ మార్చాలి.

సువార్త బ్యాగులో ఒక చిన్న డబ్బా ఉంది. చెన్నైలో ఫ్యాక్టరీలో పనిచేస్తున్న క్లాస్‌మేట్ హేమలత పంపిన బహుమతి. రెండు కార్బైడు బిట్లు. వారం నుంచి బ్యాగులోనే ఉన్నాయి.

ఆమె కోబాల్టు బిట్టు వంక చూసింది. డబ్బా వంక చూసింది. గట్టి పనికి గట్టి బిట్టు. హేమలత ఫ్యాక్టరీలో ఇదే స్టెయిన్‌లెస్‌కి ఇదే బిట్టు వేస్తారు, నిమిషంలో బెజ్జం. కార్బైడుకి వేగం ఎక్కువ కావాలని పుస్తకంలో ఉంది. మేస్త్రీ గారు వచ్చేసరికి బెజ్జం పూర్తయి ఉంటే, ఇక వాదించడానికేమీ ఉండదు.

బెల్టు వేగంగా తిరిగే పై మెట్టు మీదకి మార్చింది. కార్బైడు బిగించింది. కళ్లద్దాలు పెట్టుకుంది. మిషను వేసింది.

మొదట్లో బ్రహ్మాండంగా దిగింది. చుట్టలు వెండి తీగల్లా వచ్చాయి. ఒక వేలి మందం దిగింది. అప్పుడు మిషను తలకాయలో ఎక్కడో చిన్న గలగల వినిపించింది. ఆమె పిడి కొంచెం వదిలింది, మళ్లీ నొక్కింది.

టిక్ అని ఒక చప్పుడు. పెద్దదేమీ కాదు. చేతిలో పెన్సిలు విరిగితే ఎంత వస్తుందో అంతే.

*

"లెక్చరరు గారి మాట ఆగిందేంటి?" అంటూ వచ్చాడు సూరిబాబు. బెజ్జంలోకి తొంగి చూశాడు. తర్వాత వాడి మాటా ఆగిపోయింది.

సగం బిట్టు మిషనుకి ఉంది. సగం షాఫ్టులో ఇరుక్కుపోయింది. బయటకి కొసైనా తేలలేదు, పట్టకారకి అందదు.

"కొత్త షాఫ్టు వైజాగు నుంచి రావాలంటే మూడ్రోజులు," అన్నాడు సూరిబాబు నెమ్మదిగా. "దాన్ని డ్రిల్లు చేసి తీద్దామా?"

"దేంతో?" అంది సువార్త. "దాన్ని కోసేది షెడ్డులో ఏదీ లేదు."

సూరిబాబు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. వాడు చెడ్డవాడు కాదు. "ఓ పని చెయ్యి. ఆ మిషనుకున్న ముక్క తీసి జేబులో వేసుకో. స్టీల్లో గట్టి మచ్చ తగిలిందని చెప్పు. అప్పుడప్పుడు నిజంగానే తగులుతుంటది. షాఫ్టు అమ్మినోడి మీదకి పోద్ది. నీ మీదకి రాదు."

సువార్త షెడ్డులోంచి బయటికి నడిచింది. బోటు దగ్గరికి రెండు వందల అడుగులు. నడుస్తుంటే వాదన దానంతటదే తయారైపోయింది. ఒకటి, కొత్త సరుకు, పరీక్ష చేయకుండా తెచ్చారు. రెండు, మొదట్లో బాగానే దిగింది, అంటే లోపల ఏదో ఉంది. మూడు, కోబాల్టు వేసినా విరిగేదే. మూడు పాయింట్లూ ఒకదానికొకటి అతికినట్టు కూర్చున్నాయి. కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. గెలుస్తుంది. ఆ సంగతి ఆమెకి ఖాయంగా తెలుసు.

బోటు కింద ముత్యాలాచారి గారు చెక్కకి బెజ్జం వేస్తున్నారు. నూకరత్నం దిమ్మని పట్టుకుని నిలబడింది. ఆమె భుజాల మీద చెక్క చుట్టలు పడి ఉన్నాయి.

"అయిపోయిందా అప్పుడే?" అంది నూకరత్నం.

"విరిగిందండి," అంది సువార్త.

ముత్యాలాచారి గారు తిప్పడం ఆపారు. "ఏది?"

"మీరిచ్చింది కాదండి. నాది. కార్బైడు. బెల్టు కూడా నేనే మార్చాను."

"లోపలుందా?"

"సగం ఉంది."

నూకరత్నం దిమ్మ వదల్లేదు. వదిలితే మేస్త్రీ గారి కాలి మీద పడుతుంది.

"నువ్వు చేస్తావని ఇచ్చాను," అంది చివరికి. తిట్టి ఉంటే సువార్త తట్టుకునేది.

ముత్యాలాచారి గారు మిగిలిన నాలుగు తిప్పులూ తిప్పి, ఆ బెజ్జం పూర్తి చేసి, బిట్టు తుడిచి జేబులో పెట్టుకుని లేచారు.

*

షెడ్డులో ఆయన షాఫ్టు వంక ముందు చూడలేదు. మిషనుకి ఉన్న సగం బిట్టు విప్పించి దాగలి ఇనప దిమ్మ మీద పెట్టారు. దాని మీద గుడ్డ కప్పారు. సువార్త చేతికి చిన్న సుత్తి ఇచ్చారు.

"తట్టు."

"దాన్నా అండి?"

"గట్టిదే కదా. తట్టు."

తట్టింది. ఎక్కువ బలం కూడా పెట్టలేదు. గుడ్డ తీసి చూస్తే పటికబెల్లంలా పలుకులు పలుకులైపోయి ఉంది.

సువార్త ఆ పలుకుల వంక చూసింది. తర్వాత బెజ్జం వంక చూసింది. దేంతో కొయ్యాలా అని పొద్దుటి నుంచి తల బద్దలు కొట్టుకుంటోంది. కొయ్యక్కర్లేదు.

కళ్లద్దాలు సరిచేసుకుని సన్న పంచి తీసుకుంది. బెజ్జంలోకి దింపి తట్టింది. పలుకు ఒకటి లేచింది. కిరసనాయిలుతో కడిగింది, సూదితో తీసింది, మళ్లీ తట్టింది. సూరిబాబు లైటు పట్టుకున్నాడు, ఒక్క జోకు వేయలేదు. గంటన్నర పట్టింది. చివరి పలుకు వచ్చేసరికి ఆమె మెడ పట్టేసింది.

లోపల బెజ్జం అడుగు అద్దంలా మెరుస్తోంది.

"రాపిడికి బిగుసుకుంది," అన్నారు మేస్త్రీ గారు. "ఇక అటు నుంచి రావాలి."

షాఫ్టు తిప్పి అవతలివైపు గీత గీశారు. సువార్త కోబాల్టు బిట్టు అందుకుంది.

"ఆగు. ఒక టీ పట్రా."

సువార్త ఆయన మొహం వంక చూసింది. ఇప్పుడా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, వెళ్లి తెచ్చింది.

ముత్యాలాచారి గారు ఆ గ్లాసు తీసుకుని డ్రిల్లు బల్ల మీద పెట్టారు. నాలుగో సూత్రం రాసిన బోర్డు దానికి సరిగ్గా ఎదురుగా ఉంది. బెల్టు ఇంకా సువార్త మార్చిన పై మెట్టు మీదే ఉంది. ఆయన మిషను వేశారు.

గ్లాసులో టీ వణికింది. వలయాల మీద వలయాలు లేచి ఒకదాన్నొకటి గుద్దుకుని, అంచు దాటి బల్ల మీద చిందాయి.

సువార్త అడుగు ముందుకు వేసింది. బోర్డు వంక ఒకసారి చూసి ఆగింది.

ఆయన మిషను ఆపి బెల్టు కింది మెట్టు మీదకి మార్చారు. వేశారు. టీ చిందలేదు, కానీ నిలవలేదు. ఆపారు. బల్లని నాలుగు వేళ్లు పైకెత్తారు, బిట్టు పట్టుకునే స్పిండిలు ఎక్కువ కిందకి వేలాడకుండా. వేశారు. ఆపారు. మెట్ల పీట ఎక్కి మిషను తలమీది నట్టు పావు చుట్టు బిగించారు. వేశారు.

గ్లాసు నడుమ ఒక్క వలయం పుట్టి, అంచుదాకా వెళ్లి, కనపడకుండా పోయింది. మళ్లీ ఒకటి.

సువార్త వంగి ఆ టీ వంకే చూస్తోంది. పదిహేను రోజుల నుంచి ఎవరూ ఆ నట్టు ముట్టుకోలేదు. పొద్దున తను విన్న గలగల అదే.

"ఇప్పుడు వెయ్యి," అన్నారు ముత్యాలాచారి గారు. గ్లాసు తీసుకుని తాగారు.

ఆమె వేసింది. నెమ్మదిగా తిప్పింది, గట్టిగా నొక్కింది, ఆపలేదు. సూరిబాబు నూనె పోస్తూ ఉన్నాడు. చుట్టలు పొట్టిగా, మందంగా, తేనె బిట్టు వెంబడి పైకి వచ్చాయి. చివర్లో అవతలి బెజ్జాన్ని తాకేచోట బిట్టు ఒక్క క్షణం గునిసింది. చెయ్యి వదలబోయి వదల్లేదు. బిట్టు దాటింది.

నూకరత్నం వచ్చి, పిన్ను తీసుకుని గుచ్చింది. ఇటు నుంచి దూరి అటు తేలింది. బయటికి లాగి, మళ్లీ గుచ్చి, చేత్తో తడిమి చూసింది.

ఏమీ అనకుండా ఆటో పిలవడానికి వెళ్లిపోయింది.

*

సాయంత్రం సువార్త బల్ల తుడుస్తోంది. సూరిబాబు వెళ్లిపోయాడు. ముత్యాలాచారి గారు బిట్లు పెట్టెలో సర్దుతున్నారు.

"మేస్త్రీ గారండి."

"ఊఁ."

"ఆ గ్లాసు ఎందుకో మీకు తెలుసు. పదిహేను రోజులు స్టూలు మీద పెట్టుకున్నారు. ఎందుకు చెప్పలేదండి?"

"నువ్వు అడగలేదమ్మా. గెలిచావు."

సువార్త తుడవడం ఆపింది. మొహం వేడెక్కింది. కానీ ఆమె సువార్త.

"లాభం ఒకటి చెప్పండి అని అడిగానండి. అందరి ముందూ అడిగాను. మీరు చెప్పుంటే నేను చెరిపేసేదాన్ని. మీరు ఊరుకున్నారు. ఊరుకోవడం కూడా తప్పేనండి."

ముత్యాలాచారి గారు పెట్టె మూత వేయబోతూ ఆగిపోయారు.

"అవును," అన్నారు. "మా నాన్నా నాకు చెప్పలేదు. చూసి తెలుసుకున్నాను. నువ్వూ చూస్తావనుకున్నాను." ఒక బిట్టు సర్ది పెట్టి అన్నారు, "తప్పు మనిద్దరిదీ. షాఫ్టు మాత్రం నూకరత్నంది."

సువార్త మళ్లీ బల్ల తుడవడం మొదలుపెట్టింది.

"ఆ రెండో బిట్టు ఏది?" అన్నారు ఆయన.

సువార్త బ్యాగులోంచి డబ్బా తీసింది. మిగిలిన కార్బైడు బిట్టు చేతిలో పెట్టింది. పారేస్తారనుకుంది. ఆయన దాన్ని వెలుగులో తిప్పి చూశారు. పదును మీద బొటనవేలు మెల్లగా ఆనించారు.

"మంచి బిట్టు," అని, టేకు పెట్టెలో చివర ఖాళీ ఉన్నచోట, ఒక్కదాన్నే గుడ్డలో చుట్టి పెట్టారు.

"ఇంకెందుకండి అది?"

"కదలని మిషను ఎప్పుడైనా దొరికితే."

*

పదిహేనో తారీకు తెల్లవారేసరికి ఏటిలో బోట్లన్నీ కదిలాయి. వంతెన మీద నిలబడి సువార్త లెక్కపెట్టలేదు. ఒక్క బోటు కోసమే చూసింది. నూకరత్నం బోటు పదకొండోదో పన్నెండోదో. దాని మీద ఎనమండుగురు మనుషులు ఉన్నారు. వెనకాల నీళ్లు తెల్లగా, తిన్నగా చీలుతున్నాయి. ఒడ్డున నూకరత్నం చెంగు నడుముకి దోపుకుని, బోటు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి వెళ్లిపోయింది.

సువార్త అక్కడి నుంచి నేరుగా షెడ్డుకి వచ్చింది. అప్పటికి ఇంకా ఎవరూ రాలేదు.

ముత్యాలాచారి గారు వచ్చేసరికి డ్రిల్లు మిషను తిరుగుతోంది. దాని బల్ల మీద స్టీలు గ్లాసులో టీ ఉంది. సువార్త కళ్లద్దాలు పెట్టుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, టీ మట్టానికి కళ్లు దించి చూస్తోంది. ఆయన వచ్చింది గమనించలేదు. మిషను ఆపింది. పీట ఎక్కి నట్టు అరచుట్టు వదిలి, పావు చుట్టు బిగించింది. దిగింది. వేసింది. మళ్లీ వంగింది.

గోడ మీద బోర్డులో మూడు సూత్రాలే ఉన్నాయి. నాలుగోది ఉన్నచోట తెల్ల రంగు ఇంకా తడిగా మెరుస్తోంది. పక్కన కొత్తగా ఒక ముక్క: గాజు గ్లాసు వద్దు.

ముత్యాలాచారి గారు గుమ్మంలోనే నిలబడి ఆగారు. ఆమె మిషను ఆపి నడుం నిలబెట్టాక లోపలికి వచ్చారు. గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగారు.

"బాగా చల్లారింది," అన్నారు.